నెగటివ్ స్కాన్‌లో పొడుగు గీత, ఆకాశంలో పట్టీలు: తప్పు ఫిల్ముదా, స్కానర్‌దా?

మీరు చెప్పినవి రెండూ వేరువేరు జబ్బులండీ. పాత 35 ఎంఎం కలర్ నెగటివ్‌లను ఫ్లాట్‌బెడ్ (అద్దం పలక మీద పరిచి తీసే) స్కానర్ మీద స్కాన్ చేస్తే ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట సన్నటి నీలిపచ్చ గీత పొడుగ్గా పోతోందన్నారు. ఆకాశం మెట్లుమెట్లుగా విరుగుతోందన్నారు. అదే స్కానర్ మీద కాగితం ఫోటో పెడితే ఏ గీతా రావట్లేదన్నారు. గీత దుమ్ము వల్ల, మెట్లు సెట్టింగుల వల్ల. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు.

ఇంట్లో పెళ్ళిళ్ళ నెగటివ్‌లు, మూతపడ్డ ఒక స్టూడియో వాళ్ళు ఇచ్చేసిన డబ్బాలు కొన్నేళ్ళుగా స్కాన్ చేస్తున్నాను. ఇలాంటి గీత కనపడితే సాఫ్ట్‌వేర్ జోలికి పోను. ముందు అది ఫిల్ముతో కదులుతుందా, అద్దం మీద ఉన్నచోటే ఉంటుందా అని చూస్తాను. ఫిల్ము ముక్కని తిరగేయకుండా, తల వైపు తోక, తోక వైపు తల వచ్చేలా హోల్డర్‌లో (ఫిల్ముని పట్టి ఉంచే చట్రంలో) మళ్ళీ పెట్టి స్కాన్ చేయండి. ఇందాక పెళ్ళికొడుకు నుదుటి మీదుగా పోయిన గీత ఇప్పుడూ నుదుటి మీదే ఉంటే అది ఫిల్ము మీది గీత. నుదురు వదిలి పంచె అంచు మీదకి దిగిందంటే స్కానర్‌ది. ఈ పరీక్ష ఎందుకంటే, హోల్డర్‌లో ఫిల్ము పొడుగ్గా పడుకుంటుంది, సెన్సర్ నడిచేదీ పొడుగ్గానే, కెమెరాలో రోలు లాగేటప్పుడు పడే గీరలూ పొడుగ్గానే. చూపుకి మూడూ ఒకటే.

ఫిల్ముదే అని తేలితే రంగు చూడండి. ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) లేచిపోయేంత గీరైతే అక్కడ వెలుగు ఎక్కువ దూరి, పాజిటివ్‌లో, అంటే రంగులు తిరగేశాక వచ్చే బొమ్మలో, నల్లగా వస్తుంది. వెనక మెరిసే వైపు గీరైతే వెలుగు చెదిరి తెల్లగా వస్తుంది. ఈ రెండో రకాన్ని స్కానర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ (కంటికి కనపడని వెలుగుతో దుమ్మునీ గీరల్నీ పట్టుకుని చెరిపే పద్ధతి) చాలావరకు దాచేస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి మాత్రం అది వాడకండి. అందులోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేస్తుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది.

కానీ మీ గీత స్కానర్‌దేనని నాకు దాదాపు నమ్మకం, అదీ క్యాలిబ్రేషన్ దగ్గరే, అంటే స్కానర్ తన సెన్సర్‌ని తానే సరిచూసుకునే చోట. స్కాన్ మొదలవగానే సెన్సర్ ఫిల్ము దగ్గరికి వెళ్ళేలోపు, హోల్డర్ చివర ఉండే ఖాళీ సందులోంచి మూతలోని దీపాన్ని నేరుగా చూస్తుంది. కొట్టువాడు తూకానికి ముందు తక్కెడకి పాసంగం చూసుకున్నట్టే. ఆ క్షణంలో సందు మీద ఒక దుమ్ము రేణువు ఉందనుకోండి, దాని కిందున్న పిక్సెల్‌కి వెలుగు తక్కువ అందుతుంది. స్కానర్ ఆ పిక్సెలే బలహీనం అనుకుని, ఇక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దాన్ని పెంచుతూ పోతుంది. దాంతో ముడి ఫైలులో ప్రకాశమైన గీత, ఇన్వర్ట్ చేశాక (నెగటివ్‌ని పాజిటివ్‌గా తిరగేశాక) ముదురు గీత. సెన్సర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలు వేరువేరుగా ఉంటాయి. రేణువు ఎరుపు వరుసకి ఒక్కదానికే అడ్డొస్తే ముడి ఫైలులో ఎరుపు గీత పడుతుంది, అది తిరగబడితే మీరు చూసిన నీలిపచ్చ. 3200 డీపీఐలో (అంగుళానికి 3200 చుక్కలు) ఒక పిక్సెల్ వాటా సుమారు 0.008 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందం దానికి పదింతల దాకా ఉంటుంది. కంటికి అద్దం శుభ్రంగా కనిపించినంత మాత్రాన నమ్మకండి. కాగితం ఫోటోకి క్యాలిబ్రేషన్ వేరే తెల్ల పట్టీ మీద జరుగుతుంది, అందుకే అక్కడ గీత లేదు.

ముందు చేతి బ్లోయర్‌తో ఊదండి. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ మీద రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, సందు కూర్చునే చోట అద్దాన్ని తుడవండి. అద్దం మీద నేరుగా చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. చాలామంది మరిచిపోయేది మూత లోపలి వైపు, దీపం ముందుండే పలకని. సరిగ్గా ఆ సందుకి ఎదురుగా ఉన్న భాగాన్ని అక్కడా తుడవండి. ఫిల్ము చుట్టూ వెలుగు రాకుండా నల్ల కాగితం అంటించే అలవాటుంటే అది సందు మీదకి పాకకుండా చూసుకోండి. తుడిచే ముందు ఫ్యాను కట్టేయండి, స్కాన్ అయ్యేదాకా వేయకండి. మే నెలలో విజయవాడలో ఇది శిక్షే, అయినా తప్పదు. అంతా అయ్యాక స్కానర్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి.

ఇక ఆకాశం. కలర్ నెగటివ్‌లో కాంట్రాస్ట్ సహజంగానే తక్కువ, ఆకాశమంతా ఇరుకైన మెట్ల మధ్యే సర్దుకుని ఉంటుంది. 8 బిట్లలో ఒక్కో రంగుకి ఉన్నవే 256 మెట్లు. ఇన్వర్ట్ చేసి కాంట్రాస్ట్ లాగితే మెట్ల మధ్య ఖాళీలు బయటపడతాయి. 48 బిట్ కలర్ (రంగుకి 16 బిట్లు) ఎంచుకుని టిఫ్‌గా, అంటే వివరం పోగొట్టని ఫైలు రకంలో దాచుకోండి, అప్పుడు రంగుకి 65,536 మెట్లు. ఆటో ఎక్స్‌పోజర్, షార్పెనింగ్ ఆపేసి సవరణలన్నీ ఆ టిఫ్ మీదే చేయండి, జేపెగ్ చివర్లో. కొన్ని చవక ల్యాప్‌టాప్ తెరలు మంచి ఫైలులో కూడా మెట్లు చూపిస్తాయి, కాబట్టి ఇంకో తెర మీద కూడా చూడండి.

ఒక్క మినహాయింపు ఉంది. పట్టీలు ఫిల్ము అంచున ఉన్న రంధ్రాల నుంచి మొదలై, వాటి ఎడంతోనే, అంటే 4.75 మిల్లీమీటర్లకొకటి చొప్పున ఒక ఫ్రేముకి ఎనిమిది కనిపిస్తే, అది డెవలపింగ్‌లో మందు రంధ్రాల గుండా ఉరికినప్పుడు పడ్డ మచ్చ. దానికి స్కానర్‌లో విరుగుడు లేదు.

గీతలు పొడుగ్గా కాక అడ్డంగా పడితే కారణం సెన్సర్ నడకలోనో దీపంలోనో ఉంటుంది. యూఎస్‌బీ హబ్ తీసేసి కేబుల్ నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. ఎప్సన్ వీ700, వీ750 లాంటి ఫ్లోరసెంట్ దీపం ఉన్న మోడళ్ళకి వేడెక్కే సమయం ఇవ్వాలి. వీ600, వీ800, వీ850లలో ఎల్‌ఈడీ కాబట్టి ఆ బాధ లేదు.

తుడిచాక ఖాళీ హోల్డర్‌ని 3200లో, ఇన్వర్ట్ చేయకుండా స్కాన్ చేసి ఆ ఫైలు ఇక్కడ పెట్టండి. గీత ఇంకా ప్రకాశంగానే ఉంటే రేణువు పోలేదన్నమాట, మళ్ళీ తుడవాలి. అదే నల్లగా ఉంటే సమస్య లోపలి అద్దాలదో లెన్స్‌దో కావచ్చు, అప్పుడు మీరే విప్పకుండా మెకానిక్‌కి చూపించండి.