మెటల్ షోలో ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి చేరాలి

ప్రశ్న: "హైదరాబాద్ నుంచి బెంగళూరుకి మొదటిసారి మెటల్ షోకి వెళ్తున్నాను. ఒకే రోజు ఆరు బ్యాండ్లు. స్టేజీకి బాగా దగ్గరగా చోటు దొరకాలంటే ఎన్నింటికి చేరుకోవాలి?"

గేట్లు తీసే టైముకి వెళ్లండి, ముందు వరస దొరుకుతుంది. దొరికాక రెండు బ్యాండ్లు అయ్యేసరికి ఇక్కడికెందుకు వచ్చాంరా అనిపిస్తుంది.

ఎందుకంటే స్టేజీకి రెండు పక్కలా వేలాడే స్పీకర్లను మైదానం మధ్యకి గురిపెడతారు. బ్యారికేడ్‌ని ఆనుకుని ఉన్నవాళ్ల నెత్తి మీదుగా ఆ సౌండు వెళ్లిపోతుంది. వాళ్లకి దక్కేది డ్రమ్స్ చప్పుడు, ఎదురుగా ఉన్న యాంప్ (గిటారు సౌండుని పెంచే పెట్టె) మోత, కాళ్ల ముందు సబ్‌వూఫర్ల (బేస్ స్పీకర్ల) దడ. గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటుంది. పైగా ఇప్పుడు చాలామంది గిటారిస్టులు యాంప్ మోడలర్ (యాంప్ సౌండుని అనుకరించే డిజిటల్ పెట్టె) నుంచి నేరుగా సౌండ్ ఇంజనీర్ మిక్సర్‌కే లైన్ ఇచ్చేస్తున్నారు. వెనక గోడలా పేర్చిన స్పీకర్ క్యాబినెట్లు కొన్నిసార్లు ఒట్టి అలంకారం. అలాంటి బ్యాండుకి మొదటి వరసలో గిటారే సరిగ్గా వినపడదు. స్టేజీ అంచున పెట్టే చిన్న స్పీకర్లు ఆ లోటు కొంతే పూడుస్తాయి.

మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీర్ టెంట్ ఉంటుంది, పెద్ద షోల్లో స్టేజీకి ఇంచుమించు 25, 30 మీటర్ల దూరంలో. ఆయన వాద్యాల్నీ గొంతునీ తన చెవికి బాగున్నట్టు కలుపుతాడు కాబట్టి ఆయన ముందు నిలబడినవాళ్లకే ఆ కలిపింది కలిపినట్టు అందుతుంది. సరిగ్గా నడిమధ్యన వద్దు, రెండు పక్కల సబ్‌వూఫర్ల బేస్ అక్కడ పోగుపడి కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ముద్దగా వినిపిస్తుంది. ఓ నాలుగడుగులు పక్కకి జరగండి.

ఇక టైము సంగతి. మొదటి బ్యాండుకి సౌండు చెత్తగా ఉందని అందరూ అంటారు, తప్పు మాత్రం బ్యాండు మీద వేస్తారు. సౌండ్ చెక్, అంటే షోకి ముందు వాయించి సౌండు సరిచూసుకోవడం, తలకిందుల వరసలో జరుగుతుంది. చివర వాయించే పెద్ద బ్యాండు మధ్యాహ్నమే ముందుగా చెక్ చేసుకుంటుంది, మొదట వాయించాల్సినవాళ్లు అందరికంటే చివర. అలా అయితే మొదట వాయించేవాళ్ల సరంజామా స్టేజీ మీద అలాగే ఉండిపోతుంది. కానీ పెద్దవాళ్లు గంట ఆలస్యం చేస్తే ఆ గంట కోసేది చిన్నవాళ్ల దగ్గరే. ఈలోపు గేట్లు తీస్తారు, పాపం వాళ్లకి మిగిలేది లైన్ చెక్ ఒక్కటే: ప్రతి వైరులోంచి సౌండు వస్తోందా లేదా, అంతే. మొదటి పాట సగంలో గిటారు సౌండు ఉన్నట్టుండి పెరిగిందంటే ఇంజనీర్ అప్పుడే దాన్ని మొదటిసారి వింటున్నాడన్నమాట. మూడో పాటకి సర్దుకుంటుంది. మీరు మూడో పాట దాకా ఆగండి.

బ్యాండుకీ బ్యాండుకీ మధ్య 15, 20 నిమిషాలు జనమంతా తిండి స్టాళ్ల వైపు పరుగెడతారు. నన్నడిగితే చూడాల్సింది అప్పుడే. డ్రమ్ సెట్ సాధారణంగా అందరికీ ఒకటే. దిగిపోయే డ్రమ్మర్ తన స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్), సింబల్స్ (లోహపు పళ్లేలు), కిక్ పెడల్ విప్పుకుపోతాడు, వచ్చేవాడు తనవి బిగిస్తాడు. తర్వాత ఒక్కొక్కటే: కిక్ ధమ్, ధమ్, ధమ్, ఆపమనేదాకా. స్నేర్. టామ్స్. బేస్, రెండు గిటార్లు, చివర్లో గొంతు. మెటల్‌లో కిక్ డ్రమ్‌కి ట్రిగ్గర్ అని చిన్న సెన్సర్ తగిలిస్తారు, వేగంగా కొట్టే దెబ్బలన్నీ ఒకే బలంతో వినపడటానికి. దాని సెన్సిటివిటీ ఎక్కువ పెడితే స్టేజీ అదురుకే కొట్టని దెబ్బలు మోగుతాయి. గిటారు ఉన్నట్టుండి మూగబోతే గాయకుడు జనంతో కబుర్లు మొదలుపెడతాడు. వెనక ఒకడు మోకాళ్ల మీద కూర్చుని వైర్‌లెస్ ప్యాక్ బ్యాటరీ, పెడల్‌బోర్డులో (కాలితో నొక్కి గిటారు సౌండు మార్చే పెట్టెల పలక) ఊడిన చిన్న కేబుల్, మిక్సర్‌లో మ్యూట్ మరిచిన చానల్ వరసగా వెతుకుతుంటాడు. చాలాసార్లు ఆ చిన్న కేబులే దోషి.

మన దేశంలో ఇంకో చిక్కు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మామూలుగా ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు. ఆ 10 గంటల గడువు కదలదు కాబట్టి ఆలస్యం ఎవరు చేసినా తెగేది చిన్న బ్యాండ్ల పాటలే. అరగంట సెట్‌లో రెండు పాటలు పోతే ఇంకేం మిగులుతుంది! "హెడ్‌లైనర్ (చివర వాయించే పెద్ద బ్యాండు) టైముకి వస్తే చాలు" అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. 1998లో పుట్టిన బెంగళూరు బ్యాండు క్రిప్టోస్ 2013లో జర్మనీ వెళ్లి వాకెన్ అనే పెద్ద మెటల్ ఫెస్టివల్‌లో వాయించింది. మన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ ఉంది. ఇలాంటివాళ్లు వాయించేటప్పుడు పార్కింగ్‌లో కూర్చునేవాళ్లు ఇంటికెళ్లి "మన దగ్గర మెటల్ లేదు" అంటారు.

చెవుల విషయంలో మొహమాటం వద్దు. పనిచేసేచోట ఆరోగ్యభద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ 8 గంటలు భరించొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. ఆరు బ్యాండ్ల షో ఆరేడు గంటలు. ఫోమ్ ఇయర్‌ప్లగ్ ఊరికే కుక్కితే పనిచెయ్యదు: వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలపాలి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగాలి, లోపల పెట్టి అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఫోమ్ ప్లగ్ సింబల్స్ సౌండుని ఎక్కువ మింగేస్తుంది. సంగీతం కోసమే చేసిన ప్లగ్స్ అన్ని స్వరాలనీ దాదాపు సమంగా తగ్గిస్తాయి, ఖరీదు ఎక్కువైనా అవే కొనండి.

మాష్ పిట్‌లోకి (జనం తోసుకుంటూ గెంతే చోటు) దిగాలనిపిస్తే లేసులు రెండు ముళ్లు, ఫోన్ జిప్పున్న జేబులో, కళ్లజోడు తీసెయ్యాలి. ఎవరైనా పడితే ముందు లేపాలి, ఆ తర్వాతే పాట. జనం ఒత్తేస్తుంటే చేతులు ఛాతీ ముందుంచుకుని, తోపు తగ్గిన క్షణంలో ఐమూలగా పక్కకి జరుగుతూ బయటపడండి, ఎదురు తొయ్యకండి. బ్యారికేడ్ దగ్గర ఇరుక్కుంటే సెక్యూరిటీకి చెయ్యెత్తి చూపిస్తే అవతలికి లాగుతారు. ఫోన్‌తో పాట మొత్తం వీడియో తీసేవాళ్ల వెనక నిలబడటం మాత్రం వృథా, ముందే చోటు మార్చుకోండి.

టికెట్ ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వేలమంది ఒకచోట చేరాక నెట్‌వర్క్ పడిపోతుంది, దాంతో యూపీఐ కూడా. కాస్త నగదు ఉంచండి. టీషర్ట్ కొనాలంటే వెళ్లగానే కొనండి, ఎక్కువమంది వేసుకునే సైజులే మొదట అయిపోతాయి.

తిరుగు ప్రయాణానికి రాత్రి పదిన్నర బస్సు బుక్ చెయ్యకండి, గేటు బయట ట్రాఫిక్‌లోనే అది వెళ్లిపోతుంది. బస్సు హెబ్బాళ్, యలహంక మీదుగా వెళ్లేదైతే ఎక్కే చోటు అక్కడ పెట్టుకుంటే కొంత టైము కలిసొస్తుంది, లేదా తెల్లారి బయల్దేరండి. ఆ ఇయర్‌ప్లగ్స్ పారెయ్యకండి, బస్సులో సినిమా పెడతారు.