పెళ్లి కాకపోయినా బిడ్డ ఖర్చు తండ్రిదే

అక్కా, "19 ఏళ్లే, పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు" అని బిడ్డ తండ్రైన ఆ అబ్బాయి ఖర్చు తప్పించుకోలేడు. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 144వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 125) కింద పెళ్లితో పని లేకుండా బిడ్డకు మనోవర్తి, అంటే పోషణ ఖర్చు, అడగొచ్చు. అయితే కేసు అతనుండే చోటో, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోటో వేయాలి. భార్య తానున్న ఊళ్లోనే వేసుకోవచ్చు. పెళ్లికాని తల్లికి ఆ వీలు చట్టంలో రాసిలేదు, చాలామంది తడబడేది ఇక్కడే. లాయర్ ఫీజు గురించి దిగులొద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయం చూడకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, నంబరు 15100.

జనన ధ్రువపత్రం, ఆస్పత్రి బిల్లులు, పాలడబ్బా రసీదులు, అతని మెసేజ్‌లు దాచండి. బిడ్డ నాది కాదంటే డీఎన్‌ఏ పరీక్ష కోరండి. మధ్యంతర భృతి (కేసు తేలేదాకా ఇచ్చే ఖర్చు) కూడా కేసు వేసేటప్పుడే అడగాలి. అతనికి నోటీసు అందాక 60 రోజుల్లో దాన్ని తేల్చాలంటుంది చట్టం, సాగుతుంది లెండి. ఆర్డరు వచ్చాక డబ్బు ఆపేస్తే, బకాయి పడిన ఏడాదిలోపే వసూలుకు దరఖాస్తు పెట్టండి.