ముసలమ్మ కథ ముగింపు మార్చొచ్చా?

ప్రశ్న: అనంతపురం దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఊరి కోడలు ముసలమ్మ కథను పిల్లలతో తోలుబొమ్మలాటగా వేయించి, 2070లో మన చెరువులు ఎలా ఉండాలో చూపించాలని ఉంది. కానీ కోడలి బలిని పిల్లలకు చెప్పడానికి మనసొప్పడం లేదు. ముగింపు మార్చితే తప్పా మేడమ్?

జవాబు: బలిని మాత్రం తీసేయకండి మాస్టారూ. తీసేస్తే ఊరు చేసిన తప్పు కూడా కనబడకుండా పోతుంది. ఆమె నీళ్లలోకి దిగిన తర్వాత కథ నడిపించండి. చెరువే లేచి ఊరిని నిలదీయాలి: పూడిక ఎందుకు తీయలేదు? మరవ, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే దారి, ఎవరు మూశారు? వంకకు అడ్డంగా ఇళ్లు ఎలా లేచాయి?

ఈ కథను తిరగరాయడం కొత్తేమీ కాదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లోనే దీన్ని కావ్యం చేశారు. ఇప్పుడు మీ పిల్లల వంతు.

సీమలో చెరువు బాగోగులు చూసేవాళ్లకు ఆ పనికి బదులుగా దశబంధం మాన్యాలనే భూములిచ్చేవారు. నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మీద చెరువులు ఇన్నాళ్లు నిలిచాయంటే ఆ చాకిరీ వల్లే. 2070లో ఆ నీరుగంటి పని ఒక అమ్మాయి చేస్తున్నట్టు చూపించండి. ఆమెకు ముసలమ్మ అనే పేరు పెట్టండి. ఈసారి ఆమె బతికి, తూము తాళం చేతబట్టి తిరగాలి. నా మనసుకు నచ్చే ముగింపు ఇదే.

బొమ్మల కోసం పిల్లల్ని ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు తీసుకెళ్లండి. పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరది. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా గీకి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నని రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ నగలు ధగధగా మెరుస్తాయి. మీరు ఆ రంధ్రాలను నీళ్లకు వాడండి. ఎండిన చెరువుకు నాలుగైదు చాలు, నిండు చెరువుకు ఒళ్లంతా కొట్టించండి. వీరాపురం ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను మరవకండి, అవి రాని చెరువు నిండినా నిండినట్టు కాదు. తోలు ఖర్చనుకుంటే నూనె రాసిన డ్రాయింగ్ షీటుతో పని జరిగిపోతుంది.

ఆటకు ముందు ముసలమ్మను కొలిచే ఇళ్ల పెద్దవాళ్లకు కథంతా వినిపించండి. వాళ్లకు ఆమె దేవత. ఏ సీనైనా నొప్పిస్తుందంటే పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడి మార్చుకోండి.