పాఠాలు చెబితే నా పని మూలపడుతుందా?

ప్రశ్న: కొన్నేళ్లుగా సొంత డిజైన్లతో వెండి నగలు చేసి అమ్ముతున్నాను. వారానికి మూడు రోజులు వచ్చి నగల తయారీ నేర్పమని ఒక ఆర్ట్ కాలేజీ వాళ్లు అడిగారు. పాఠాల్లో పడి నా పని మూలపడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా చేత్తో చేసేది మాటల్లో చెప్పడం నాకు రాదు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోండి. నగలు చేస్తూ, పాఠాలు చెబుతూ బతికినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాటల్లో చెప్పడం చెప్పగా చెప్పగా వస్తుంది. టంకం పెట్టడమే తీసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంగరం అతుకు మీద టంకం ముక్క పెట్టి, మంటను సరిగ్గా దాని మీదికే పట్టుకుంటారు. అది కరిగి గుండులా నిలబడిపోతుంది తప్ప అతుకులోకి దిగదు. మంట ఎటు తిప్పాలో మీ చేతికి తెలుసు. ఎందుకు తిప్పాలో చెప్పాల్సిన అవసరం మీకు ఇన్నాళ్లూ రాలేదు, అంతే. కరిగిన టంకం వేడి ఎక్కువున్న వైపుకే పారుతుంది. అందుకే ముందు ఉంగరమంతా వేడెక్కాలి, ఆ వేడికే టంకం కరగాలి. మందపు ముక్కకు పలచటి తీగ అతికేటప్పుడైతే మంట ఎక్కువసేపు మందం మీదే ఉండాలి. ఈ సంగతి పదిమందికి విడమరిచి చెప్పాకే, అంతకుముందు జంకుతూ పెట్టిన అతుకులు నేను నింపాదిగా పెట్టగలిగాను.

వెండిని కాల్చి మెత్తబరిచే పాఠం రోజున గదిలో లైట్లు తగ్గించండి. సుత్తి దెబ్బలకు గట్టిపడిన 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి) మసక ఎరుపుకు వచ్చిందంటే వేడి సుమారు 650 డిగ్రీలకు చేరినట్టు. మంచి వెలుతురులో ఆ ఎరుపు కంటికి ఆనదు. ఇంకా రంగు రాలేదనుకుంటూ మంట పట్టుకునే ఉంటారు. 800 దాటితే వెండి కరగడం మొదలవుతుంది. ఇది ఎంత వర్ణించినా లాభం లేదు, పిల్లలు పక్కన నిలబడి చూడాల్సిందే.

వాళ్ల చేతిలో రంపం లాక్కుని మీరు కోసివ్వకండి. బ్లేడు తెగితే తెగనివ్వండి. చూపించాలంటే వేరే రేకు మీద చూపించండి.

ఇక మీ పని సంగతి. అమ్మకానికి చేసే నగలు తగ్గుతాయి, అది నిజం. కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంటే, ఎవరు కొంటారన్న లెక్క లేకుండా ఒక నగ మీద ఎన్ని రోజులైనా కూర్చోవచ్చు. నాకు బాగా ఇష్టమైన నగలన్నీ అలా చేసినవే. క్లాసుకు కావలసిన నమూనాలు మాత్రం కాలేజీలోనే చేయండి. ఇంట్లో మీ పనిబల్ల మీదికి వాటిని రానిస్తే సెలవు రోజులు కూడా వాటికే పోతాయి.

చేరే ముందు వాళ్ల వర్క్‌షాప్ ఒకసారి చూసి రండి. టంకం పెట్టేచోట పొగ బయటికి లాగే ఫ్యాను ఉందో లేదో చూడండి. వెండిని శుభ్రం చేసే ఆమ్లం తొట్టి దగ్గర ఇనుప పటకారు కనిపిస్తే తీయించి రాగిది పెట్టించండి. వాడిన ఆమ్లంలో ఇనుము పడితే వెండి మీద రాగి పూత పట్టేస్తుంది. మంటతో పనిచేసేటప్పుడు మీ కళ్లు అందరి మీదా ఉండాలి కాబట్టి, బ్యాచ్ పెద్దదైతే సహాయకులు కావాలని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. చేరాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.