గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌమ్యకు మావయ్య ఆశీస్సులు.

ఆట మధ్యలో ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ (గ్రాఫిక్స్ కార్డులోని మెమరీ చాలడం లేదు) అని చూపించి గేమ్ మూతపడుతోందనీ, నువ్వు మొదటి జీతంతో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొని, క్యాబినెట్ విప్పి స్వయంగా బిగించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. స్క్రూడ్రైవర్ పట్టడానికి జంకని పిల్ల మన ఇంట్లో పుట్టినందుకు గర్వపడ్డాను కానీ, ఆ హాస్టల్ గది ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో అన్న బెంగ మాత్రం నన్ను వదలడం లేదు.

తేలికైన పనులు ముందు ముగించు. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, కార్డు తయారీదారు సైటు నుంచే కొత్తది వేసుకో. ఓవర్‌క్లాక్ చేసి, అంటే నిర్ణీత వేగానికి మించి నడిపేలా మార్చి ఉంటే, తీసివేయి. ఆడేటప్పుడు బ్రౌజర్ మూసివేయి, అదీ వీడియో మెమరీలో వాటా తీసుకుంటుంది.

ఆ తరువాత టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) దగ్గర డెడికేటెడ్ మెమరీ, అంటే కార్డు సొంత మెమరీ, ఎంత నిండిందో ఆట నడుస్తుండగా చూడు. నీ కార్డులోని 8 జీబీ దాదాపు నిండిపోతుంటే కొరత నిజమే. అప్పుడు టెక్స్‌చర్ క్వాలిటీని (ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మల నాణ్యతను) ఒక మెట్టు దించు, కాంతిని లెక్కగట్టే రే ట్రేసింగ్, అదనపు ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ ఆపు. అందరూ ముందు రిజల్యూషన్ తగ్గిస్తారు కానీ, టెక్స్‌చర్లు ఆక్రమించిన చోటు దానివల్ల పెద్దగా ఖాళీ కాదు. మెమరీ సగమే నిండినా అదే సందేశం వస్తోందంటే, దోషం వేరే చోట ఉంది. నా భయమంతా ఇక్కడే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మాకు దుకాణం ఉన్న రోజుల్లో, కరీంనగర్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తండ్రిని వెంటబెట్టుకుని ఇదే సందేశంతో వచ్చాడు. నా భాగస్వామి ఆ సందేశాన్ని చదివాడే తప్ప యంత్రాన్ని చూడలేదు; మెమరీ చాలడం లేదని రాసి ఉంది కాబట్టి ఎక్కువ మెమరీ ఉన్న కార్డు అంటగట్టాడు. కొద్దిరోజులకే వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ర్యామ్ మార్పించాడు, అయినా అదే సందేశం. చివరికి నేను సెట్టింగులు తిరగేస్తే, వర్చువల్ మెమరీ దగ్గర ‘నో పేజింగ్ ఫైల్’ అని కనిపించింది. ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి విండోస్ డిస్కు మీద ఉంచుకునే పేజ్‌ఫైల్ తీసేస్తే, ఆ ఎస్‌ఎస్‌డీ డిస్కు ఎక్కువ కాలం మన్నుతుందని ఎవరో వీడియోలో చెబితే ఆ అబ్బాయి నమ్మాడట. గేమ్ మెమరీ కోరినప్పుడల్లా, అది గ్రాఫిక్స్ పనికోసమే అయినా, విండోస్ తన ర్యామ్, పేజ్‌ఫైల్ రెండింటి మొత్తం నుంచి దానికి హామీ ఉంచాలి; ఆ మొత్తం అయిపోతే కార్డులో ఖాళీ ఉన్నా కోరిక తిరస్కరిస్తుంది, గేమేమో నింద వీడియో మెమరీ మీద వేస్తుంది. పేజ్‌ఫైల్‌ను విండోస్‌కే వదిలేసి రీస్టార్ట్ చేస్తే పాత కార్డుతోనే ఆట నడిచింది. కొత్త కార్డును డీలర్ వెనక్కి తీసుకోలేదు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు, తిట్టినా బాగుండేది.

కాబట్టి తల్లీ, పైసా ఖర్చు చేయకముందే ఆ సెట్టింగు చూడు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘కమిటెడ్’ కింద రెండు అంకెలుంటాయి: ఇప్పటికే ఇచ్చిన హామీ, ఇవ్వగల మొత్తం. మొదటిది రెండోదాన్ని అంటుకుంటుంటే అదే జబ్బు. సీ డ్రైవ్ ఆటలతో నింపేశావట, పేజ్‌ఫైల్ పెరగడానికి చోటెక్కడిది? సగం ఆడి వదిలేసినవి తీసెయ్యి.

ప్రాసెసర్ పేరు కూడా చూడు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల దెబ్బతిన్నప్పుడు, అన్‌రియల్ ఇంజిన్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఆటల్లో ఈ వీడియో మెమరీ సందేశమే వచ్చేది. 2024 ఆగస్టు నుంచి బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా సవరణ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగు చేయదు, దాన్ని మార్పించుకోవాల్సిందే.

తెర మీద రంగుల గళ్లు, చుక్కలు కనిపిస్తే మాత్రం కార్డు మెమరీయే చెడి ఉండవచ్చు. ఎవరైనా హీట్ గన్‌తో వేడిచేసి బాగుచేస్తామంటే ఇవ్వకు. బాగైనా ఎక్కువ రోజులు నిలవదు. సెకండ్ హ్యాండే కొనాలనుకుంటే, అమ్మే మనిషి ముందే గంటసేపు బరువైన ఆట నడిపించి చూడు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులెన్నో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి.

క్యాబినెట్ విప్పేముందు ప్లగ్గు పూర్తిగా పీకెయ్యి, పవర్ సప్లయ్ డబ్బాను మాత్రం ఎన్నటికీ విప్పకు, అందులోని కెపాసిటర్లలో కరెంటు తీసేశాక కూడా ఛార్జి మిగిలే ఉంటుంది. వార్డెన్‌ను అడిగి ఎలక్ట్రీషియన్ చేత ఆ సాకెట్ ఎర్త్ పరీక్ష చేయించు. నవ్వుకుంటే నవ్వుకో, చేయించు. టాస్క్ మేనేజర్ పేజీలు రెండింటినీ ఫోటో తీసి నాకు పంపు, అవి చూసి నేను ఫోను చేసేదాకా అమ్మేవాడికి అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మావయ్య