టెక్ సందేహాలు: సర్క్యులర్ చదివాం, తేదీ దాటిపోయింది

ఈసారి ప్రైమరీ స్కూలు పిల్లల ఇళ్ల నుంచి వచ్చిన సందేహాలనే ఏరి పెట్టాను. అన్నీ దాదాపు ఒకే గొడవ. స్కూలు ప్రతి నెలా కబురు పంపుతూనే ఉంటుంది, ఇంట్లో అది అందాల్సిన వేళకు అందదు. ముందు వాళ్ల ప్రశ్న, దాని కింద నా జవాబు.

మా బాబు రెండో తరగతి. నెల మొదట్లో క్లాస్ వాట్సాప్ గ్రూపులో నాలుగు పేజీల సర్క్యులర్ వస్తుంది. మొత్తం చదువుతాను. కానీ ఆ రోజు వచ్చేసరికి మర్చిపోతాను. పోయిన నెల లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వడం, గ్రూప్ ఫొటో రోజు రెండూ తప్పిపోయాయి. రిమైండర్లకు మంచి యాప్ ఏదైనా చెప్పండి.

కొత్త యాప్ వద్దండీ. ఫోన్‌లో ఇప్పటికే ఉన్న క్యాలెండర్ చాలు. చిక్కంతా రిమైండర్ ఎప్పుడు మోగుతుందన్న దగ్గరే ఉంది.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా ఒక శుక్రవారం అందరూ పసుపు రంగు బట్టలతో రావాలని సర్క్యులర్ వచ్చింది. చాలా శ్రద్ధగా క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. శుక్రవారం ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ మోగింది. అప్పటికి పిల్ల నీలం యూనిఫాం వేసుకుని, షూ లేసులు కట్టించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఉన్న ఒక్క పసుపు గౌనూ ఉతకాల్సిన బట్టల బుట్టలో అడుగున ఉంది. ఫోన్‌ను ఏమనగలం? నేను మోగమన్న రోజునే మోగింది.

అప్పటి నుంచి సర్క్యులర్‌లో ఏ తేదీ కనిపించినా ఒకటే ప్రశ్న వేసుకుంటాను: దీనికోసం నేను చేయాల్సిన పని ఏ రోజుది? సెలవైతే ఊరికే తెలిస్తే చాలు. లైబ్రరీ పుస్తకం లాంటిదైతే ముందు రోజు రాత్రి బ్యాగు సర్దే వేళకు గుర్తు రావాలి. చార్టు, వేషం, ప్రాజెక్ట్ లాంటివైతే అంతకు ముందు వచ్చే ఆదివారమే గుర్తు రావాలి. వీటిని ముందు రోజు రాత్రి గుర్తు చేస్తే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఇక సంతకం చేసి పంపాల్సిన కాగితాలు, నింపాల్సిన ఫారాలకు రిమైండర్ పెట్టడమే దండగ. సర్క్యులర్ చదువుతున్న ఆ నిమిషంలోనే చేసేయండి.

గూగుల్ క్యాలెండర్‌లో అయితే ఈవెంట్‌ను 'ఆల్ డే'గా పెట్టి, నోటిఫికేషన్ దగ్గర 'కస్టమ్' ఎంచుకోండి. ముందు రోజు సాయంత్రం 7 గంటలకు అని పెట్టుకోవచ్చు. ఒకే ఈవెంట్‌కు ఒకటి కంటే ఎక్కువ నోటిఫికేషన్లు జోడించవచ్చు కాబట్టి, ప్రాజెక్టులకు వారం ముందు ఇంకొకటి కూడా పెట్టండి. ప్రతిసారీ ఇదంతా నొక్కడం విసుగనిపిస్తే, సెట్టింగ్స్‌లో ఆల్ డే ఈవెంట్లకు డిఫాల్ట్ నోటిఫికేషన్‌నే ముందు రోజు సాయంత్రానికి మార్చేయండి. మా ఇంట్లో అలాగే ఉంది.

పేరు పెట్టేటప్పుడు కూడా కాస్త చూసుకోవాలి. 'లైబ్రరీ డే' అని రాస్తే ఫోన్ మోగినప్పుడు 'అవును, తెలుసు' అనుకుని పక్కకు తోసేస్తాం. 'లైబ్రరీ పుస్తకం బ్యాగులో పెట్టు' అని రాస్తే చెయ్యి బ్యాగు మీదికి పోతుంది. వారం వారం వచ్చేవాటికి 'రిపీట్' పెట్టండి, కానీ ముగింపు తేదీ కూడా ఇవ్వండి. లేకపోతే సెలవుల్లో కూడా వారం వారం లైబ్రరీ పుస్తకం అడుగుతూ ఉంటుంది.

అసలు సర్క్యులర్ మళ్లీ కావాలంటే వెతుక్కోకుండా, వచ్చిన రోజునే ఆ మెసేజ్‌కు స్టార్ పెట్టండి. స్టార్ మీకు మాత్రమే కనిపిస్తుంది. పెట్టడం మర్చిపోయారా? 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్‌లోనూ చాట్‌ను తేదీతో వెతకవచ్చు. చాట్ లోపల సెర్చ్ నొక్కితే క్యాలెండర్ బొమ్మ కనిపిస్తుంది.

మా పాప స్కూలు తెలుగులోనే సర్క్యులర్ పంపుతుంది. సంతోషమే. కానీ పీడీఎఫ్‌లోంచి తేదీల పేరా కాపీ చేసి మా వారికి పంపితే, ఆయన ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసి పిచ్చి గీతల్లా కనిపిస్తున్నాయి. ఫోన్ చెడిపోయిందా?

రెండు ఫోన్లూ బాగానే ఉన్నాయి. ఆ సర్క్యులర్‌ను పాత పద్ధతి తెలుగు ఫాంట్‌తో టైప్ చేసి ఉంటారు. అను ఫాంట్లు పేరు విని ఉంటారు, అలాంటివి. వాటిలో కంప్యూటర్ దృష్టికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా కలిసి ఉంటుంది కనుక చక్కటి తెలుగు కనిపిస్తుంది. కాపీ చేయగానే ఆ తొడుగు ఊడిపోయి అసలు సరుకు బయటపడుతుంది. ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. తెలుగు 1991లో దాని తొలి వెర్షన్‌లోనే ఉంది. అయినా అచ్చు పనికి అలవాటైన చేతులు పాత ఫాంట్లను ఇంకా వదల్లేదు.

ఉపాయం తేలికే. కాపీ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో తెరవండి. లెన్స్ చూసేది బొమ్మను కాబట్టి లోపల ఏ ఫాంట్ ఉన్నా దానికి అనవసరం. తెలుగును తెలుగుగానే చదివి, కాపీ చేసుకోవడానికి ఇస్తుంది. స్కాన్ చేసి పంపిన కాగితాలకూ ఇదే మార్గం. అయితే అంకెలు ఒకసారి సరిచూడండి. ముద్ర సరిగా పడని 3ను 8గా చదివిందంటే మీరు మీటింగ్‌కు ఐదు రోజులు ఆలస్యంగా వెళ్తారు.

స్కూలువాళ్లు సొంత యాప్ ఇచ్చారు. పోయిన విద్యా సంవత్సరంలో నోటిఫికేషన్లు బాగానే వచ్చేవి. పెద్ద సెలవుల తర్వాత ఒక్కటి కూడా రావడం లేదు. యాప్ తెరిస్తే మాత్రం లోపల అన్నీ ఉన్నాయి.

మీ ప్రశ్నలోనే జవాబు ఉన్నట్టుంది: పెద్ద సెలవులు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వెర్షన్లలో కొన్ని నెలలపాటు తెరవని యాప్‌ను ఫోన్ తనంతట తానే నిద్రపుచ్చుతుంది. దానికిచ్చిన పర్మిషన్లు తీసేస్తుంది, నోటిఫికేషన్లు ఆపేస్తుంది. పనికిరాని యాప్‌లు ఊరికే నడవకూడదని చేసిన ఏర్పాటు అది. సెలవుల్లో స్కూలు యాప్‌ను ఎవరు తెరుస్తారు? అందుకే సరిగ్గా ఇలాంటి యాప్‌లే దానికి దొరికిపోతాయి.

యాప్ గుర్తుపై వేలు నొక్కిపెట్టి 'యాప్ ఇన్ఫో'లోకి వెళ్లండి. నోటిఫికేషన్లకు మళ్లీ అనుమతి ఇవ్వండి. అదే పేజీలో కిందికి వెళ్తే, వాడకపోతే యాప్‌ను నిలిపివేయమనే స్విచ్ ఉంటుంది. ఈ ఒక్క యాప్‌కు దాన్ని ఆఫ్ చేయండి. బ్యాటరీ విభాగంలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' కూడా ఎంచుకుంటే మంచిది, కొన్ని ఫోన్లు బ్యాటరీ పేరుతో మరీ కఠినంగా ఉంటాయి. మరో సంగతి, ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్ నోటిఫికేషన్లకు మనల్ని అడగాలి. తొందరలో 'వద్దు' నొక్కేసినవాళ్లు చాలామంది ఉంటారు.

ఐఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో 'షెడ్యూల్డ్ సమ్మరీ' చూడండి, అది నోటిఫికేషన్లను పోగుచేసి పెట్టిన వేళకు ఒక్కసారే ఇస్తుంది. స్కూలు యాప్ అందులో చేరి ఉంటే, 'ఈరోజు మధ్యాహ్నం నుంచి సెలవు' అన్న కబురు సాయంత్రం కట్టలో వస్తుంది.

నా వయసు 68. మనవణ్ని స్కూల్లో దించేదీ తీసుకొచ్చేదీ నేనే. గ్రూపులో ఉన్నది మాత్రం అబ్బాయి, కోడలు. త్వరగా వదిలేసే రోజులు నాకు ఆఖరి నిమిషంలో తెలుస్తున్నాయి. వాళ్లను అడిగితే 'చెప్పాం కదా నాన్నా' అంటారు. ఏం చేయమంటారు?

చెప్పే ఉంటారు లెండి, వాళ్లలో వాళ్లు. ఈ జవాబు మీ కోడలికి చూపించండి.

అమ్మా, కంప్యూటర్ బ్రౌజర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, బాబు పేరుతో వేరే క్యాలెండర్ ఒకటి సృష్టించండి. స్కూలు తేదీలన్నీ అందులోనే వేయండి. దాని సెట్టింగ్స్‌లో మీ మామగారి జీమెయిల్‌తో షేర్ చేయండి. ఆయన ఈమెయిల్‌కు వచ్చిన లింక్ నొక్కితే ఆయన ఫోన్‌లోనూ ఆ తేదీలు కనిపిస్తాయి. మీరు ఇక్కడ మారిస్తే అక్కడా మారతాయి.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి మళ్లీ తిట్లు తింటారు. షేర్ చేసిన క్యాలెండర్‌లో ఈవెంట్లు కలిసి ఉంటాయి గానీ నోటిఫికేషన్లు ఎవరివి వాళ్లవే. మీరు పెట్టుకున్న రిమైండర్ మీ ఫోన్‌లోనే మోగుతుంది. ఆయన ఫోన్‌లో ఆ క్యాలెండర్‌కు విడిగా నోటిఫికేషన్ పెట్టాలి. మీకు ముందు రోజు సాయంత్రం కావాలి. ఆయనకు ఆ రోజు ఉదయం కావాలి, తీసుకొచ్చే టైమ్ తెలియాలి కాబట్టి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు క్యాలెండర్లు, రెండు రంగులు పెట్టండి. ఎవరి మీటింగ్ ఏదో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

నేను మూడో తరగతి టీచర్‌ని. నెల విశేషాలు ఒక అందమైన పోస్టర్‌లా తయారు చేసి గ్రూపులో పెడతాను. అయినా తల్లిదండ్రులు అవే తేదీలు మళ్లీ మళ్లీ అడుగుతారు. పెట్టిన గంటలోనే నలభై 'ఓకే మేడమ్'ల కింద పోస్టర్ కనిపించకుండా పోతుంది.

మేడమ్, పోస్టర్ అందంగానే ఉంటుంది, కానీ అది బొమ్మ. అందులోని తేదీని తల్లిదండ్రులు నొక్కలేరు, మెసేజ్‌లా నేరుగా కాపీ చేయలేరు, వెతికితే దొరకదు. చూపు లేని తల్లికో తండ్రికో, తెర మీది రాతను పైకి చదివే టాక్‌బ్యాక్ దాన్ని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు. పోస్టర్ పంపండి, దాని కిందే తేదీలను మామూలు మెసేజ్‌గా కూడా టైప్ చేయండి. 5/6 అని రాయకండి, అది మే ఆరా, జూన్ ఐదా అని ఇల్లంతా చర్చ నడుస్తుంది. 'జూన్ 5, గురువారం' అన్నట్టు నెల పేరు, వారం కలిపి రాయండి. వారం రాయడానికి ఇంకో కారణం ఉంది: తేదీ తప్పు పడితే వారంతో సరిపోలక పట్టుబడుతుంది.

ఆ మెసేజ్‌ను పిన్ చేయండి. వాట్సాప్ 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు గడువులు ఇస్తుంది. నెల సర్క్యులర్‌కు 30 రోజులు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. 'ఓకే మేడమ్'ల సంగతంటారా, గ్రూప్ సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. చూశామని చెప్పాలనుకునేవాళ్లు బొటనవేలి రియాక్షన్ ఇస్తారు. ప్రశ్నలకు వేరే గ్రూపు పెట్టుకోండి, లేకపోతే వ్యక్తిగతంగా మీకే మెసేజ్ చేస్తారు. అది ఇంకా కష్టం.

ఓపిక ఉంటే మీరే ఒక పబ్లిక్ క్యాలెండర్ చేసి, దాని లింక్ ఇవ్వవచ్చు. మీటింగ్ వాయిదా పడితే మీరు ఒక్కచోట మారిస్తే చాలు, చేరినవాళ్లందరి ఫోన్లలోనూ మారుతుంది. క్యాలెండర్ తేదీలుండే ఐసీఎస్ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి 'ఇంపోర్ట్' చేసుకున్నవాళ్లకు మాత్రం ఆ మార్పు చేరదు, వాళ్ల దగ్గర ఉన్నది ఆ రోజు నకలు. పబ్లిక్ క్యాలెండర్‌లో పిల్లల పేర్లు, పుట్టినరోజులు వేయకండి.

ఫంక్షన్ ఫొటోలు గ్రూపులో మసకగా వస్తున్నాయి.

వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. పంపేటప్పుడు పైన కనిపించే 'హెచ్‌డీ' నొక్కండి. పూర్తి నాణ్యత కావాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి, కానీ అలా పంపిన ఫొటోలో తీసిన చోటు వివరాలు కూడా వెంట వెళ్లవచ్చు. ఇంటి దగ్గర తీసిన పిల్లల ఫొటోలకు ఆ దారి వద్దు. పక్కవాళ్ల పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నవి పంపేముందు ఓ మాట అడగండి.

'పిల్లల ప్రోగ్రెస్ కార్డ్ చూడండి' అంటూ గ్రూపులో ఒక ఫైల్ వచ్చింది. పేరు చివర ఏపీకే అని ఉంది. తెరవచ్చా?

తెరవకండి. ప్రోగ్రెస్ కార్డ్ పీడీఎఫ్‌గానో, ఫొటోగానో వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నమ్మకండి, వాళ్ల ఫోన్‌లో ఆ ఫైల్ ఇప్పటికే దూరి ఉండవచ్చు. వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, అడ్మిన్‌తో ఆ మెసేజ్ తీసేయించండి.

ఇంత తతంగం బదులు సర్క్యులర్‌ను ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తే చాలదా?

చాలు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది, అయిపోయిన తేదీలను మా అమ్మాయి స్కెచ్ పెన్‌తో కొట్టేస్తుంది. తేదీ మారినట్టు గ్రూపులో కబురు వచ్చినప్పుడు మాత్రం లేచి వెళ్లి కాగితం మీద దిద్దాలి. అది ఎవరి పనో ముందే మాట్లాడుకోండి.