కళ్ళజోడు తీసి విను

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ముప్పై వేలు పెట్టి చెవిలో పెట్టుకునేవేవో కొంటుందట అన్నయ్యా, ఆ డబ్బుకి కమ్మలైనా వచ్చేవి" అంది. నెమ్మదిగా రాబడితే అసలు సంగతి తెలిసింది. నీ స్నేహితుల బ్యాండ్ ఆరు పాటలు చేస్తోంది, గొంతులూ వాయిద్యాలూ సమపాళ్ళలో కలిపే మిక్సింగ్ నీదేనట, అదీ కూకట్‌పల్లిలో మీ ఇంట్లో నీ గదిలోనే. స్టూడియో హెడ్‌ఫోన్స్ కొనాలా, చెవి లోపలికి బిగించుకునే ఐఈఎంలు (ఇన్-ఇయర్ మానిటర్లు) కొనాలా అని వారం నుంచి కొట్టుమిట్టాడుతున్నావట. నన్నెందుకు అడగలేదు? ముప్పై ఏళ్ళు రికార్డింగ్ థియేటర్లలో మిక్సింగ్ కన్సోల్ ముందు కూర్చున్న మామయ్య యూసుఫ్‌గూడలోనే ఉన్నాడు కదా! కోపం వచ్చింది. ఆ కోపంలోనే మీ అత్తకి రెండుసార్లు చెప్పాను, మన చిన్ని మిక్సింగ్ చేస్తోందట అని.

ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకని రాస్తున్నాను.

సులువైనవి ముందు. పాడేవాళ్ళకి కప్పుల వెనక మూసి ఉండే క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్ ఇవ్వు, వెనక తెరిచి ఉండే ఓపెన్‌బ్యాక్ ఇస్తే ట్రాక్ అంతా మైకులోకి కారుతుంది. స్టేజీకి ఐఈఎం. కేబుళ్ళూ జాక్‌లూ కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కో, హెడ్‌ఫోన్స్ మాత్రం బిల్లు, వారంటీ ఇచ్చేచోటే కొను. ముప్పై వేలూ ఒక్కదానికే తగలెయ్యకు.

ఇక సౌండ్ సంగతి. సోనీ ఎండీఆర్-7506 అని క్లోజ్డ్ హెడ్‌ఫోన్ ఉంది చూడు, 1991 నుంచి వస్తోంది. మా థియేటర్లో ఉన్నదానికి మెత్తలు పెచ్చులూడి, సాయంత్రానికి అందరి చెంపల మీదా నల్లటి పొట్టు ఉండేది. దాంట్లో ట్రెబుల్, అంటే సన్నటి కీచు శబ్దాలు, కాస్త పదును. క్లిక్కులు, పెదాల చప్పుళ్ళు, బుసకొట్టే 'స'లు పట్టుకోవాలంటే నాకు అదే కావాలి. రోజంతా దాంతోనే మిక్స్ చేస్తే మాత్రం పాట మొద్దుబారుతుంది. పదును హెడ్‌ఫోన్‌ది, కోత పాటకి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. గొంతు విషయంలో నేను దాని మాట వింటాను. కానీ దాని ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) 300 ఓమ్‌లు, ల్యాప్‌టాప్‌కి నేరుగా పెడితే నీరసంగా పలుకుతుంది, ఆడియో ఇంటర్‌ఫేసో యాంపో కావాలి. అడుగు బాస్ పల్చన. పైగా ఓపెన్‌బ్యాక్ కాబట్టి మీ ఫ్యాను, మీ అమ్మ కుక్కర్ విజిళ్ళు అన్నీ పాటలో కలుస్తాయి.

ఐఈఎంలను నేను చాలాకాలం చిన్నచూపు చూశాను. తప్పు నాదే. రెండు మూడు వేల చైనా సరుకు విని నోరు మూసుకున్నాను. సరిగ్గా బిగిస్తే బాస్ అట్టడుగు దాకా దిగుతుంది, ఫ్యాను మాయమవుతుంది, రివర్బ్ (గొంతు వెనక వచ్చే మారుమోత) తోక ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. చిక్కు అక్కడే. అంత స్పష్టంగా వినిపిస్తోంది కదా అని రివర్బ్ తగ్గించేస్తావు, స్పీకర్ బాక్సుల్లో వేస్తే పాట ఎండిపోయి ఉంటుంది. ఇంకోటి, శబ్దం ఎటునుంచి వస్తోందో మనకి చెప్పేవాటిలో చెవి దొప్ప మడతలు ముఖ్యం. ఐఈఎం వాటిని దాటేసి నేరుగా చెవి లోపలికి పోతుంది. అందుకే పాటంతా తలలో కూర్చున్నట్టుంటుంది. చెవి నాళం కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు, నీకు వినిపించే ట్రెబుల్ నీ స్నేహితుడికి అలాగే వినిపించదు. ఏ శబ్దం ఎంత పలుకుతుందో చూపే గ్రాఫులు చూసి మనసు పారేసుకోకు.

రెండూ పక్కపక్కన పెట్టి వినేటప్పుడు ముందు సౌండ్ సమానం చెయ్యి. చెవికి గట్టిగా వినిపించేదే మంచిదనిపిస్తుంది, ఒక్క డెసిబెల్ తేడా చాలు మోసపోవడానికి. వాల్యూమ్ నాబ్ ఒకేచోట ఉంచితే ఐఈఎం ఎలాగూ గట్టిగా మోగుతుంది, పోటీ అక్కడే చెడిపోతుంది.

ఇప్పుడు నా బుద్ధి గడ్డి తిన్న సంగతి విను. మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2001 ఆషాఢం. ఒక బస్తీ అమ్మవారి గుడి కమిటీ వాళ్ళు బోనాల పాటల సీడీ చేయించుకున్నారు. పగలు థియేటర్లో సినిమా పని, రాత్రి ఇంట్లో ఈ పని. కృష్ణానగర్‌లో రెండు గదుల వాటా. బాక్సులు పెడితే అవతలి నుంచి ఓనరు గోడ తట్టేవాడు. సరేలే అని నాలుగు రాత్రులూ క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్ మీదే మిక్స్ చేశాను.

పాడింది పేరున్న గాయని కాదు. ఆ గుడి ముందు పూలమ్ముకునే పెద్దావిడ. నోరు తెరిస్తే డప్పు కొట్టేవాళ్ళు చేతులాపి వినేవారు, అలాంటి గొంతు. ఆ గొంతు కింద దరువు చాలట్లేదనిపించింది నాకు. కాస్త బాస్ పెంచాను. రెండో రాత్రి ఇంకాస్త. నాలుగో రాత్రికి బ్రహ్మాండం అనుకుని మాస్టర్ ఇచ్చేశాను. చత్వారం వచ్చి నేను కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్న నెల అది.

పండగనాడు గుడి ముందు పందిట్లో వేశారు. ధడ్ ధడ్ అని ఛాతీలో గుద్దుతోంది, గొంతేమో బావిలోంచి వస్తున్నట్టుంది. కుర్రాళ్ళు గంతులేశారు, కమిటీ వాళ్ళు నా భుజం తట్టారు. ఆవిడ బోనం దించి, పందిరి గుంజ పట్టుకుని రెండు పాటలు పూర్తిగా విన్నది. నా దగ్గరకొచ్చి, "నా గొంతు యాడ వోయింది బిడ్డా?" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఎందుకలా అయిందో తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఒకరోజు థియేటర్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూనే, కళ్ళజోడు తుడుచుకుందామని లాగాను. బాస్ పెరిగింది! పెట్టుకున్నాను, తగ్గింది. మళ్ళీ తీశాను, పెరిగింది. కళ్ళజోడు కాడ మెత్త కింద సన్నటి సందు చేస్తోంది, బాస్ ఆ సందులోంచి కారిపోతోంది. చెవి దగ్గర కారిపోయినదాన్ని నేను నాలుగు రాత్రులు పాటలో పోశాను.

మళ్ళీ మిక్స్ చేసి, సీడీ పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాళ్ళింట్లో ఉన్నది టేప్ రికార్డరు. క్యాసెట్‌లోకి ఎక్కించుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాను. కళ్ళు మూసుకుని విని, బుట్టలోంచి రెండు మూరల మల్లెపూలు కోసి మీ అత్తకిమ్మంది. గుడి దగ్గర మాత్రం ఏళ్ళ తరబడి ఆ పాడు మిక్సే మోగింది. ఆషాఢం వస్తే ఆ వీధి వైపు వెళ్ళేవాణ్ణి కాదు.

నీకూ కళ్ళజోడు ఉంది. అందుకే ఇంత రాశాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని 50 హెర్ట్జ్ బాస్ టోన్ ఒకటి వెయ్యి, రెండు కప్పులనీ అరచేతులతో తలకి కాస్త అదుము. శబ్దం పెరిగిందంటే సందు ఉన్నట్టే. ఐఈఎంకీ ఇదే పరీక్ష, వేలితో నెమ్మదిగా లోపలికి నొక్కి చూడు. డబ్బాలో వచ్చిన, చెవిలో దూరే టిప్స్ అన్నీ వేసి చూడు, కుడి చెవికి ఒక సైజు, ఎడమకి ఒక సైజు పట్టినా ఆశ్చర్యపోకు. ఇది తేలేదాకా ఏది గొప్పదో తేల్చకు, నువ్వు వింటున్నది హెడ్‌ఫోన్‌నో సందునో నీకే తెలియదు.

ఇంకొక్కటి చెప్పాలి. నా ఎడమ చెవిలో పగలూ రాత్రీ కీచురాయి అరుస్తూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు వినాయక నిమజ్జనం రోజున లారీల మీద, బాక్సులకి ఎడమ చెవి ఆనించి మిక్సర్ నడిపినవాణ్ణి. వినికిడి పరీక్ష గ్రాఫులో (ఆడియోగ్రామ్) 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి తీసినట్టు ఉంది, అది పూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. ఐఈఎం బయటి గోలని ఆపుతుంది కాబట్టి తక్కువలోనే వినొచ్చు, దాని పుణ్యం అది. కానీ స్టేజీ మీద జనం కేకలు వినాలని ఒకటి తీసేస్తారు చూడు, ఇక రెండోదాన్ని పెంచుతూనే పోతారు. ఆ పని చేశావని తెలిస్తే ఊరుకోను. ఈ నెలలోనే ఎక్కడైనా వినికిడి పరీక్ష చేయించుకో తల్లీ, కాగితం దాచుకో. ఏటా దాంతో పోల్చి చూసుకోవచ్చు.

ఆదివారం ఇంటికి రా. ఏమీ కొనకముందే రా. నా దగ్గర క్లోజ్డ్‌వి, ఓపెన్‌వి రెండూ ఉన్నాయి, మీ స్నేహితుల ఐఈఎం ఏదైనా అడిగి తీసుకురా. ఒక పాట మిక్స్ కూడా తెచ్చుకో, బాక్సుల్లో వేసి విందాం, ఇప్పుడు గోడ తట్టే ఓనరు లేడు. ట్రెబుల్ సంగతి మాత్రం మీ అత్తని అడుగు, ఆవిడకి పక్కవాటాలో గుసగుసలు కూడా వినిపిస్తాయి.

చెవి సంగతి మీ అమ్మకి చెప్పకు.

మామయ్య